మూడో సిలిండర్‌లో పల్లినూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆరు బర్రెలు, ఒక కారు ఉండేవి. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు మేమేదో బాగా కలిగినవాళ్లమనుకుంటారు. అంత లేదు. గౌలిపురలో ఇరుకు గల్లీ మాది. ముందు రెండు గదుల్లో మేము, వెనక కొట్టంలో బర్రెలు. నయాపూల్ దగ్గర ఒక వకీలు వాడి వాడి విసిగిపోయిన పాత కారును మా బాపు తీసుకొని, వెనక సీటు పీకేసి, ఆ జాగాలో పాల క్యాన్లు పెట్టేవాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నయాపూల్ అవతలి హోటళ్లకు పాలు వేసి వచ్చేవాడు. దాని సెల్ఫ్ ఎప్పుడో పాడైపోయింది. ముందు నుంచి ఇనుప హ్యాండిల్ దూర్చి గట్టిగా తిప్పితే తప్ప ఆ కారు లేచేది కాదు.

ఆ కారంటే నాకు ప్రాణం. ఎందుకో దాచకుండా చెప్తాను. కారు రాకముందు బడిలో నన్ను పెండపిల్ల అనేవాళ్లు. పొద్దున్నే కొట్టం ఊడ్చి, పెండ ఎత్తి, ఎంత రుద్ది కడుక్కొని పోయినా ఆ వాసన నాతోపాటే వచ్చి బెంచీ మీద కూర్చునేది. కారు వచ్చాక, బాపు పొద్దుటి పాలు వేసి వచ్చి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకొని బడి గేటు ముందు దింపేవాడు. వాసన అప్పుడూ ఉండేది. కానీ కారులోంచి దిగే పిల్లను ఆ పేరుతో పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు. పదేళ్ల వయసులో నాకు అంతకన్నా పెద్ద సంపద తెలియదు.

ఆ సంవత్సరం ఎండలు ముదిరేసరికి కారు నీరసపడింది. వెనక నుంచి నీలంగా పొగ. క్యాన్లు నిండుగా ఉంటే వంతెన మీదికి ఎక్కడానికి మూలిగేది. ఒక ఆదివారం పాలు వేసి రాగానే బాపు ఉస్తాద్‌ను పిలిపించాడు.

ఉస్తాద్ గురించి చెప్పాలి. మాదన్నపేటకు పోయే తొవ్వలో ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. అప్పటికే యాభై దాటి ఉంటాయి. బాపు కారు కొనకముందు ఒక షావుకారు వ్యాను నడిపేవాడు, అప్పటి నుంచీ ఇద్దరికీ దోస్తీ. సిలిండర్ లోపల గాలి ఎంత గట్టిగా అదుముతోందో చూసే మీటర్లు పెద్ద వర్క్‌షాపుల్లో ఉండేవట. ఉస్తాద్‌కు ఆయన కుడి చేతి బొటనవేలే మీటరు. ఆ చుట్టుపక్కల ఎవరు పాత కారు కొన్నా, అమ్మినా ముందు ఉస్తాద్ వచ్చి వేలు పెట్టి చూడాల్సిందే. ఆయన మాట చెప్పాక కొనేవాడూ, అమ్మేవాడూ మారు మాట్లాడేవాళ్లు కాదు. నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. మా తాత పాలల్లో నీళ్లు కలిశాయా లేదా అన్నది బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసుకొని చెప్పేవాడు. పెద్దవాళ్ల వేళ్లకు అన్నీ తెలుస్తాయని నా నమ్మకం.

ఆ రోజు పరీక్ష నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఇంజన్ వేడి మీదే చూడాలని ఉస్తాద్ తొందరపెట్టాడు. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి వరుసగా గుడ్డ మీద పెట్టాడు. నిప్పు పుట్టకుండా కాయిల్ వైరు తీసేశాడు. మా తాతను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఆక్సిలేటర్ చివరిదాకా తొక్కి పట్టమన్నాడు. జన్మలో కారు నడపని మా తాత స్టీరింగును బర్రె కొమ్ముల్లాగా రెండు చేతులా పట్టుకొని, కాలు బిగించి, ఎటో చూస్తూ కూర్చున్నాడు. బాపు హ్యాండిల్ తిప్పుతుంటే ఉస్తాద్ ఒక్కో రంధ్రం మీద వేలు మూసి చూసుకుంటూ పోయాడు. నేను అక్కడే కళ్లింత చేసుకొని నిలబడ్డాను కదా, నన్నూ పిలిచాడు.

"ఇట్ల రా బేటీ. ఇంజన్ల దమ్మున్నదా లేదా నీ వేలే చెప్తది."

నా వేలు ఆ రంధ్రానికి సరిగ్గా సరిపోయింది. బాపు తిప్పగానే లోపలి గాలి టప్పుమని నా వేలిని విసిరేసింది. రెండోదీ అంతే. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి వేలికి తగిలింది ఒట్టి ఊపిరి, ముసలివాళ్లు నిద్రలో వదిలినట్టు. నాలుగోది మళ్లీ గట్టిది. అప్పుడు ఉస్తాద్ తన డబ్బాలోంచి చిన్న చెంచాతో ఇంజన్ ఆయిల్ తీసి మూడో రంధ్రంలో పోశాడు. ఒక్క చెంచా. బాపుతో రెండు మూడు చుట్లు తిప్పించి మళ్లీ నన్ను వేలు పెట్టమన్నాడు. ఈసారి మూడోది కూడా నా వేలిని తోసేసింది. నేను నవ్వాను. ఉస్తాద్ నవ్వలేదు. నూనె పోస్తే బలం వచ్చిందంటే పిస్టన్ రింగులు అరిగిపోయాయని, ఇంజన్ విప్పక తప్పదని, అప్పటిదాకా బరువు వేయొద్దని బాపుకు చెప్పి, ప్లగ్గులు బిగించి వెళ్లిపోయాడు.

ఆయన చెప్పిన మాటల్లో నేను విన్నది ముందు ముక్క ఒక్కటే. నూనె పోస్తే బలం వచ్చింది. మా ఇంట్లో పుట్టిన పిల్లకు అది కొత్త మాట కాదు. బర్రెకు కడుపు ఉబ్బితే తాత దాని నోరెత్తి గొట్టంతో నూనె పోసేవాడు, సాయంత్రానికి అది లేచి మేత మేసేది. నూనె మందు. చెంచాతోనే అంత దమ్ము వస్తే గ్లాసుతో ఎంత రావాలి?

అన్నాల దగ్గర బాపు, తాత మాట్లాడుకున్నారు. ఇంజన్ విప్పితే నెల రోజులు కారు షెడ్డులోనే ఉంటుందని, అన్నాళ్లు హోటళ్లవాళ్లు ఆగరని, ఇనుప సామాను వాళ్లకు తూకానికి ఇచ్చేసి మళ్లీ సైకిల్ కొనుక్కోవడమే నయమని బాపు అన్నాడు. తాత సరేనన్నాడు. మర్నాడు సోమవారం. నాతో చదివే ఇద్దరు పిల్లలకు, బడి అయ్యాక మా కారులో మీ ఇళ్ల దాకా దింపిస్తానని నేను అప్పటికే గొప్పలు చెప్పుకొని ఉన్నాను.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చారు. ఆ పూట అమ్మ పూరీలు చేసింది, మూకుడులో నూనె మిగిలింది. ఇత్తడి గ్లాసు నిండా వంచుకున్నాను. స్టవ్వులో కిరోసిన్ పోసే గరాటు తీసుకున్నాను. ప్లగ్గు విప్పే పానా ముందు సీటు కింద ఉంటుందని నాకు తెలుసు, ఎందుకంటే ప్లగ్గులు తీసి ఉప్పుకాగితంతో రుద్దే పని బాపు నాకే ఇచ్చేవాడు. నేను చేసినదాంట్లో తొందరపాటు లేదు. మూడోది లెక్కపెట్టుకొని, ప్లగ్గు విప్పి, గ్లాసెడు పల్లినూనె మెల్లగా పోసి, ప్లగ్గు బిగించి, బానెట్ మూసి, గ్లాసు కడిగి బోర్లించాను. పోసేటప్పుడు లంగా మీద ఇంత ఒలికింది. బర్రెకు మందు పోశాక తాత దాని వీపు నిమిరేవాడు. నేనూ బానెట్‌ను అట్లాగే నిమిరాను.

నాలుగింటికి బాపు క్యాన్లెక్కించి హ్యాండిల్ పట్టుకున్నాడు. సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. గోడను తోసినట్టు ఉంది. వెనక్కి కొంచెం వస్తుంది, ముందుకు మాత్రం పోదు. బాపు చొక్కా తడిసిపోయింది. ఎండకు పాలు ఆగవు. ఇంజన్ ఎక్కడో పట్టేసిందనుకొని, తోస్తే విడుస్తుందని గల్లీలో మనుషులను కేకేశాడు.

ఇప్పుడు చెప్పేదే నేను ఇన్నేళ్లుగా మింగలేకపోయిన సంగతి. నూనె పోయడం తెలియక చేశాను. దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. కానీ ఆ మనుషులు రావడానికి టైం పట్టింది. ఒకాయన బనియన్ మీద ఉన్నాడని లోపలికి పోయి చొక్కా వేసుకొని వచ్చాడు. ఇంకొకాయన చెప్పులు విడిచి గోడ పక్కన పెట్టాడు. అంతసేపూ నేను గడపలో నిలబడి ఉన్నాను. నా నూనె వల్లే అది తిరగడం లేదని నాకు అప్పటికే అర్థమైంది. బాపూ, ఆగు, అన్నంత మాట చాలు. అనలేదు. దెబ్బలకు భయపడ్డానా అంటే మా బాపు ఎప్పుడూ నా మీద చెయ్యి ఎత్తలేదు. నేను పాడు చేశానని తెలిస్తే మళ్లీ ఆ ముందు సీట్లో కూర్చోనివ్వడేమో అని భయపడ్డాను.

నలుగురూ తోశారు. కారు వేగం అందుకుంది. బాపు గేరు వేసి క్లచ్ వదిలాడు. ఇంజన్‌లోంచి ఠక్కుమని ఒక్క చప్పుడు వచ్చి కారు నిలబడిపోయింది. ఆ సాయంత్రం పాలు హోటళ్లకు పోలేదు. అమ్మ పెద్ద గిన్నెల్లో కాచినంత కాచింది, మిగిలింది విరిగిపోయింది.

ఉస్తాద్ వచ్చేసరికి గల్లీ అంతా అక్కడే ఉంది. ఆయన మూడో ప్లగ్గు విప్పగానే రంధ్రంలోంచి నూనె పైకి ఉబికింది. బాపు చూశాడు. పొద్దున నూనె పోసింది ఎవరో అందరికీ తెలుసు. నూనె ఎక్కువై, పిస్టన్ పైకి రావడానికి జాగా లేక, కింది కడ్డీ వంగిపోయిందని తోసినవాళ్లలో ఒకాయనే అన్నాడు. ఇక బాపు ఆగలేదు.

"చెయ్యి వణుకుతుంటే పని బందు పెట్టాలె భాయ్. ఒకల పొట్ట మీద కొట్టుడేంది?"

ఉస్తాద్ తలెత్తి, తాను పోసింది ఒక్క చెంచానే అని చెప్పబోయాడు. మాట సగంలో ఉండగానే, వేళ్లకు అంటిన నూనెను అలవాటుగా ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. ఇంజన్ ఆయిల్‌కు పూరీల వాసన ఉండదు. ఆయన మాట ఆగిపోయింది. నెమ్మదిగా చుట్టూ చూశాడు. గడపలో నన్ను చూశాడు. నా లంగా మీది మరకను చూశాడు. ఆయన చూపు నా ముఖం మీద ఎంతసేపు ఉందో నేను చెప్పలేను, ఎందుకంటే నేను తల వంచేశాను. చేతులను గుడ్డకు బాగా తుడుచుకొని, ఆ గుడ్డనే ప్లగ్గు రంధ్రంలో కుక్కేసి, బాపు వైపు తిరిగి అన్నాడు.

"అవు. జర ఎక్కువనే పడ్డట్టున్నది. తప్పు నాదే."

అప్పుడైనా నేను నోరు విప్పవచ్చు. నాకు కలిగింది ఏమిటో సిగ్గు విడిచి చెప్తున్నాను, హాయి. గండం గడిచింది కదా అన్న హాయి. రాత్రి అన్నం కూడా తిన్నాను. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది.

కారును తాళ్లు కట్టి షెడ్డుకు లాక్కుపోయారు. అన్నాళ్లూ బాపు కిరాయి సైకిల్ మీద పాలు వేశాడు. ఉస్తాద్ మజూరీ ఏమీ తీసుకోకుండా కడ్డీ మార్చి, పనిలో పనిగా అరిగిన రింగులూ మార్చి ఇచ్చాడు. బాపు దాన్ని కూడా మర్యాద అనుకోలేదు, న్యాయమే అనుకున్నాడు. కారు తెచ్చుకోవడానికి పోయిన రోజు నన్నూ తీసుకుపోయాడు. బాపు రోడ్డు దాటి చాయ్ తాగడానికి పోయినప్పుడు ఉస్తాద్ నన్ను ఇంజన్ దగ్గరికి పిలిచి, మూడో ప్లగ్గు విప్పి వేలు పెట్టమన్నాడు. తనే హ్యాండిల్ తిప్పాడు. గాలి నా వేలిని ఎగరగొట్టింది.

"నూనె మందు కాదు బేటీ. దమ్ము ఏ సందులకెల్లి పోతున్నదో చూపిస్తది, గంతే. మందంటే ఇప్పి బాగు చేసుడే," అన్నాడు. గొంతులో కోపం లేదు, బడిలో పాఠం చెప్పినట్టే ఉంది. బాపుకు చెప్తావా అని అడిగాను. అడగడానికి నాకు సిగ్గు లేదు చూడండి. ఆయన ప్లగ్గు బిగిస్తూ అన్నాడు. "నేను చెప్పెటిది చెప్పిన. నీ మాట నీ తాననే ఉన్నది. చెప్పబుద్ధైన నాడు చెప్పు."

ఆ రోజు ఎప్పుడొస్తుందా అని ఆయన చూశాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం రేపు చెప్దాం, పండగ పోయాక చెప్దాం, పరీక్షలయ్యాక చెప్దాం అనుకుంటూ పోయాను. ఆలోగా బాపు అన్న మాట గల్లీలు దాటింది. ఉస్తాద్ చెయ్యి వణుకుతోందట, గౌలిపురలో ఒకాయన ఇంజన్ పాడు చేశాడట. చెప్పినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, విన్నది చెప్పారు. బడికి పోతూ కారులోంచి చూసేదాన్ని. షెడ్డు ముందు ఎప్పుడూ రెండు మూడు బండ్లు ఉండేవి. తర్వాత ఒకటి ఉండేది. తర్వాత ఆయన ఒక్కడే స్టూలు మీద కూర్చొని పేపరు చదువుతూ ఉండేవాడు. మా కారును చూసి చెయ్యి ఊపేవాడు. నేను సీట్లో కిందికి జారేదాన్ని. ఏ సీటు కోసం నోరు మూసుకున్నానో, అందులోనే ముఖం దాచుకొని బడికి పోయాను.

నాలుగో ఏడు ఆ షెడ్డులో గాజుల దుకాణం వెలిసింది. కొన్నాళ్లకు, అమ్మతో కూరగాయలకు మాదన్నపేట మార్కెట్‌కు పోయినప్పుడు, పక్కనే ఇంకెవరిదో పెద్ద వర్క్‌షాపు ముందు ఉస్తాద్ కనిపించాడు. గొంతుక్కూర్చొని రేకు తట్టలో కిరోసిన్ పోసి నట్లు కడుగుతున్నాడు. ఆ బొటనవేలితో మసి రుద్దుతున్నాడు. నేను సంచీ అమ్మ చేతిలో పెట్టి ఇంటికి పరుగెత్తాను. బాపు కొట్టంలో పాలు పిండుతున్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను, గ్లాసు, గరాటు, పూరీల నూనె, అన్నీ.

బాపు పిండుతున్న బర్రెను సగంలో వదిలేసి లేచాడు. మా ఇంట్లో అట్లా ఎన్నడూ జరగలేదు. చేతులు కూడా కడుక్కోకుండా నా రెక్క పట్టుకొని మాదన్నపేట దాకా నడిపించాడు. ఆ వర్క్‌షాపు ముందు, పనివాళ్లందరూ చూస్తుండగా, నాలుగేళ్ల కింద గల్లీలో ఎంత గట్టిగా తిట్టాడో అంత గట్టిగా తప్పు మాదని, నా బిడ్డ చేసిందని చెప్పి రెండు చేతులూ జోడించాడు. నేను ఉస్తాద్ కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆయన కిరోసిన్ చెయ్యి నా తల మీద పెట్టబోయి, మురికి అవుతుందని వెనక్కి తీసుకున్నాడు. ఆయన మాట్లాడింది నాతో కాదు, బాపుతో.

"పిల్లది పదేండ్లది, భయపడ్డది. దాని మీద నాకేం లేదు. నువ్వు ఎన్నేండ్ల సంది నా చెయ్యి చూస్తున్నవ్ భాయ్. తప్పు నాదే అనంగనే నమ్మినవ్. గట్ల పోసేటోడు కాదు మా ఉస్తాద్ అని ఒక్క మాట అంటవేమోనని జరసేపు చూసిన."

ఉస్తాద్ ఆ మాట అనేసి, అన్నందుకు తానే నొచ్చుకున్నట్టు లేచి, మా ఇద్దరికీ చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ ఎట్లా తాగామో దేవుడికే తెలుసు. తర్వాత బాపు నెల రోజులు హోటల్ హోటల్‌కూ, గల్లీ గల్లీకీ తిరిగి అసలు సంగతి చెప్పాడు. విన్నవాళ్లు, ఎప్పటిదో ముచ్చట, ఇప్పుడెందుకు, అని నవ్వి పంపించారు. ఉస్తాద్ షెడ్డు మళ్లీ తెరుచుకోలేదు. పోయేదాకా ఆయన ఆ నట్లు కడిగే చోటే ఉన్నాడు. పోయాక బాపు మళ్లీ ఆ తొవ్వన కారు నడపలేదు. చుట్టు తిరిగి పోయేవాడు.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు నా మనవరాలి కారుకు ఏమైనా అయితే మీటర్లు పెట్టి కాగితం మీద లెక్క ఇస్తారు, ఎవరి వేలూ అక్కర్లేదు. మంచిదే. అప్పట్లో బడిలో అద్దం పగిలినా, ఇప్పుడు ఇంట్లో గిన్నె పగిలినా ఎవరో ఒకరు తొందరగా ముందుకొచ్చి, తప్పు నాదే, అంటారు. అప్పుడు నేను వాళ్లను ఏమీ అడగను. నువ్వు అట్లాంటి పని చేసే మనిషివి కాదే అని మాత్రం, అందరికీ వినపడేటట్టు, ఒక్క మాట అంటాను. అని, వెనక ఎవరు తల వంచుకొని నిలబడ్డారో చూస్తాను.